మోటార్‌హోమ్ కింద కీచుశబ్దం: గ్రీజు చాలా, బుష్ మార్చాలా, కమాన్ కట్ట విప్పాలా?

సస్పెన్షన్ కీచుమంటోందని తెలియగానే చాలామంది చేసే పని ఒకటే. చేతికందిన స్ప్రే డబ్బా తీసుకుని కిందికి దూరి, కనిపించిన ప్రతి కీలు మీదా కొట్టేస్తారు. రెండు రోజులు బండి నోరు మూసుకుంటుంది, మూడో రోజు మళ్లీ మొదలు. ఈలోపు ఏ బుష్ (కీళ్లలో ఇనుము ఇనుముకు తగలకుండా పెట్టే రబ్బరు తొడుగు) పొడిబారిందో పట్టించే ఆనవాళ్లన్నీ ఆ స్ప్రేతో కొట్టుకుపోతాయి. గ్రీజు పెడితే పోయే శబ్దం వేరు, భాగం మారిస్తే తప్ప పోని శబ్దం వేరు, విన్న చోటే బండి ఆపేయాల్సిన శబ్దం వేరు. ఏం కొనాలన్న ఆలోచన ఈ మూడింటినీ విడదీశాకే.

ఇక్కడ ఉదాహరణగా తీసుకున్నది ఫోర్డ్ ఈ-450 చాసిస్ మీద కట్టిన క్లాస్ సీ మోటార్‌హోమ్, అంటే ముందు వ్యాను క్యాబిన్ ఉంచి వెనక ఇల్లు కట్టిన రకం. అమెరికాలో అద్దె బళ్లలోనూ, సెకండ్ హ్యాండ్ అమ్మకాల్లోనూ తరచూ కనిపించే చాసిస్ ఇది. ముందు ట్విన్ ఐ-బీమ్ (చక్రానికొకటి చొప్పున రెండు ఇనుప దూలాలు), కాయిల్ స్ప్రింగులు, రేడియస్ ఆర్ములు (ఆ దూలాలు ముందుకూ వెనక్కూ జరగకుండా పట్టి ఉంచే కడ్డీలు) ఉంటాయి. వెనక కమాన్ కట్టలు (ఒకదాని మీద ఒకటి పేర్చిన ఇనుప పట్టీల స్ప్రింగులు), జంట చక్రాలు. మొత్తం బరువు పరిమితి 14,500 పౌండ్లు, అంటే 6,577 కిలోలు. మన దగ్గర ట్రావెలర్ మీదా చిన్న లారీ చాసిస్‌ల మీదా కట్టే క్యారవాన్లకు కూడా వెనక కమాన్లే కాబట్టి, వెనక భాగం గురించి చెప్పేదంతా వాటికీ వర్తిస్తుంది.

అదే చాసిస్ మీద నడిచే సరుకు బండి ఇంత కీచుమనదు. సరుకు బండి లోడు దింపుకుంటుంది, మళ్లీ ఎక్కించుకుంటుంది, రోజూ తిరుగుతుంది. మోటార్‌హోమ్ మాత్రం మంచాలు, ఫ్రిజ్, నీళ్ల ట్యాంకు, జనరేటర్ మోసుకుంటూ ఎప్పుడూ పరిమితికి దగ్గర బరువులోనే ఉంటుంది. పైగా నెలల తరబడి ఒకేచోట నిలబడుతుంది. పట్టీల మధ్య తేమ చేరి తుప్పు పడుతుంది, రబ్బరు ఒకే మెలికలో బిగుసుకుపోతుంది. తీరా ప్రయాణం పెట్టుకున్న రోజున అన్నీ కలిసి అరుస్తాయి. నిలబెట్టిన బండి మొదటి యాభై, అరవై మైళ్లలో చేసే చప్పుడు దానంతటదే తగ్గిపోతే దానికోసం డబ్బు ఖర్చు పెట్టకండి.

ముందు శబ్దం ఎక్కడిదో తేల్చండి

సగం పని చెవితోనే అవుతుంది. చిన్న గతుకుకు కూడా సన్నగా కీచుమంటే స్వే బార్ (బండి ఒరగకుండా రెండు వైపులనూ కలిపి పట్టే అడ్డ కడ్డీ) బుష్‌లను అనుమానించండి. స్పీడ్ బ్రేకర్ మీద నెమ్మదిగా ఎక్కి దిగేటప్పుడు కిర్రు చెప్పుల్లా బరువుగా మోగితే అవి వెనక కమాన్ పట్టీలు. బండి ఆగి ఉండగా స్టీరింగ్ తిప్పితే మూలిగినట్టు వస్తే బాల్ జాయింట్లు (ముందు చక్రాలు తిరిగే గుండ్రటి కీళ్లు), టై రాడ్ (స్టీరింగ్ కదలికను చక్రానికి చేర్చే కడ్డీ) చివర్లు చూడాలి. బ్రేకు వేసిన క్షణంలో ఒక్కసారి టక్కుమని, వదిలినప్పుడు మళ్లీ టక్కుమంటే రేడియస్ ఆర్మ్ బుష్ పని అయిపోయినట్టే. కటకటలు, టకటకలు ఎక్కడ విన్నా అవి ఎండిపోయిన రబ్బరు శబ్దాలు కావు, ఇనుము వదులైన శబ్దాలు. వాటి మీద ఏ గ్రీజూ పనిచేయదు.

వాన కూడా మంచి పరీక్షే. వానలో తడిసిన బండి నిశ్శబ్దంగా నడిచి, ఆరాక మళ్లీ అరిస్తే అది పైకి కనిపించే పొడి రాపిడి: రబ్బరు, పాలీయురేథేన్ (రబ్బరు కంటే గట్టిగా ఉండే ప్లాస్టిక్), లేదా పట్టీల కొసలు. వానలోనూ అదే శబ్దం వస్తుంటే రాపిడి మూసి ఉన్న జాయింటు లోపల ఉంది, లేదా అది సస్పెన్షనే కాదు.

ఈ రెండో సంగతిని చాలామంది లెక్కలోకి తీసుకోరు. మోటార్‌హోమ్‌లో ఇల్లు కూడా అరుస్తుంది. ఎక్కే మెట్టు, క్యాబిన్‌కూ ఇంటికీ మధ్య అతుకు, క్యాబిన్ పైన ఉండే మంచం, స్లైడ్ అవుట్ (ఆగినప్పుడు బయటికి జరిగే గది భాగం) చుట్టూ ఉండే రబ్బరు సీళ్లు, స్నానాల గది తలుపు, పొయ్యి మీది ఇనుప జాలీ, అన్నీ అనుమానితులే. విడదీయడానికి ఒక సులువైన ఉపాయం ఉంది. ఒకే ఎత్తున్న స్పీడ్ బ్రేకర్ మీదికి రెండు చక్రాలూ ఒకేసారి ఎక్కేలా నిటారుగా వెళ్లండి. తర్వాత వాలు మీదికి ఏటవాలుగా, ఒక చక్రం ముందూ ఇంకోటి వెనకా ఎక్కేలా వెళ్లండి. మొదటిదానికే అరిస్తే సస్పెన్షన్. ఏటవాలుగా ఎక్కినప్పుడు మాత్రమే అరిస్తే చాసిస్ మెలిపడి ఇంటి అతుకులో, బాడీ మౌంట్ల రబ్బరులో రాపిడి పుడుతోందన్నమాట. అప్పుడు కమాన్ కట్టలు మార్చినా ప్రయోజనం ఉండదు.

సస్పెన్షనే అని తేలాక నీళ్ల పరీక్ష. దీనికి కావలసింది పిచికారీ సీసా, కాస్త గిన్నెలు తోమే సబ్బు, ఒక సుద్దముక్క, ఇద్దరు మనుషులు.

1. చదునైన గట్టి నేల మీద బండి ఆపి, పార్కింగ్ బ్రేకు వేసి, చక్రాలకు రెండు వైపులా అడ్డు దిమ్మలు పెట్టండి.
2. ఒకరు వెనక బంపర్ మీద నిలబడి లయగా ఊపాలి, లేదా బండి లోపల అటూ ఇటూ అడుగులు వేయాలి. రెండో మనిషి పక్కనుంచి, చక్రం దగ్గర చెవి పెట్టి వినాలి. ఊపుతున్నప్పుడు కింద ఎవరూ ఉండకూడదు.
3. ఊపడం ఆపాక ఒక్క బుష్‌కే సబ్బునీళ్లు కొట్టి, మళ్లీ ఊపండి. శబ్దం మారలేదా, సుద్దతో గుర్తు పెట్టి తర్వాతిదానికి వెళ్లండి.
4. మొదట ముందు వైపు స్వే బార్ ఎడమ, కుడి, తర్వాత స్వే బార్ లింకులు, తర్వాత షాక్ అబ్జార్బర్ల కింది కళ్లు (బోల్టు దూరే వలయాలు), వెనక స్వే బార్, షాకిల్ (కమాన్ కట్ట చివరను ఫ్రేముకు వేలాడదీసే ముక్క), చివరగా పట్టీల కొసలు. పై నుంచి కిందికి రండి, లేకపోతే కారిన నీళ్లు కింది బుష్‌ను కూడా తడిపి లెక్క తప్పిస్తాయి.

ఒక చోట తడపగానే శబ్దం ఆగి, పావుగంటలో ఆరాక తిరిగొస్తే దొంగ దొరికినట్టే. ఇక్కడ సబ్బునీళ్లకు బదులు నూనె స్ప్రే వాడితే అది గంటల తరబడి ఉండిపోతుంది, అటూ ఇటూ పాకుతుంది. ఇక మిగిలినవి పరీక్షించడానికి వీలుండదు.

ముందు స్వే బార్ మీద అనుమానం గట్టిగా ఉంటే ఇంకో దారి ఉంది. రెండు చివర్ల లింకులూ విప్పి, బారును తీగతో పైకి కట్టేసి, ఖాళీ పార్కింగ్ స్థలంలో మనిషి నడిచే వేగంతో ఒక చుట్టు తిప్పండి. శబ్దం పోతే సమాధానం దొరికింది. ఆ స్థితిలో రోడ్డెక్కొద్దు. ఇంత ఎత్తున్న బండి మలుపులో ఒరగకుండా ఆపేది ఆ బారే.

ఊపితే రాకుండా నడిచేటప్పుడు మాత్రమే వచ్చే శబ్దాలకు చాసిస్ ఇయర్ అనే పరికరం ఉంది. చిన్న క్లిప్ మైకులను అనుమానం ఉన్న చోట్ల తగిలించి, క్యాబిన్‌లో హెడ్‌ఫోన్ పెట్టుకుని ఒక్కో మైకూ మార్చి వినడమే. వైర్లున్న రకం చవక, కానీ వాటిని తిరిగే షాఫ్టుకూ పొగగొట్టానికీ దూరంగా గట్టిగా కట్టాలి. వైర్లు లేనిది సుఖం, ధర ఎక్కువ. ఒక్క శబ్దం కోసం కొనేకంటే దాన్ని వాడే షాపుకు ఒక గంట కూలి ఇవ్వడమే మేలు.

ఏ గ్రీజు దేనికి

ఏ గ్రీజు వాడాలో తేల్చేది డబ్బా మీది పేరు కాదు, ఒకదానికొకటి రాసుకుంటున్న రెండు పదార్థాలు. ఇనుమూ ఇనుమా, ఇనుమూ రబ్బరా, ఇనుమూ పాలీయురేథేనా అన్నది ముందు చూసుకోండి.

మామూలు డబ్ల్యూడీ-40 తుప్పు పట్టిన బోల్టు వదులు చేయడానికి బాగుంటుంది. కీచుశబ్దానికి మందు కాదు. త్వరగా ఆవిరైపోతుంది, పోతూ పోతూ లోపల మిగిలిన అసలు గ్రీజును కూడా కరిగించి పోతుంది. అదే కంపెనీ సిలికాన్ స్ప్రే, పొడి లూబ్రికెంట్ కూడా అమ్ముతుంది కాబట్టి రంగు చూసి కాకుండా లేబుల్ చదివి తీసుకోండి.

పాత ఇంజిన్ ఆయిల్ కుంచెతో కమాన్లకు పూయడం మన లారీల దగ్గర ఎప్పటినుంచో ఉన్న అలవాటు. ఇనుప పట్టీల మధ్య అది పనిచేయదని కాదు, చేస్తుంది. చిక్కు రెండు చోట్ల ఉంది. కట్ట చివర కంట్లో ఉన్న బుష్ రబ్బరుది. ఖనిజ నూనె తగిలితే సహజ రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. రెండోది, తడి నూనెకు పట్టిన ఇసుక పట్టీల మధ్య చేరి వాటినే అరగదీస్తుంది. అటువంటి బండి ఒకటి రెండు నెలలు నిశ్శబ్దంగా నడిచి, ఆ తర్వాత ముందుకంటే గట్టిగా అరవడం మామూలే.

లిథియం చాసిస్ గ్రీజు, అంటే గ్రీజు గన్‌తో ఎక్కించే రెండో నంబరు గ్రీజు, నిపుల్ (గ్రీజు ఎక్కించే చిన్న మూతి) ఉన్న ఇనుప జాయింట్లకు. దాన్ని రబ్బరుకు పూయొద్దు.

రబ్బరు ఇనుము మీద జారే చోట, ఉదాహరణకు స్వే బార్ డీ ఆకారపు బుష్ లోపల, సిలికాన్ గ్రీజు వాడాలి. స్ప్రే కాదు, ముద్దగా ఉండేది. స్ప్రే సిలికాన్ కొన్ని వారాలకు మించి నిలవదు. పైగా గాలికి ఎగిరి బ్రేకు డిస్కుల మీద పడుతుంది. ఈ-450కి నాలుగు వైపులా డిస్కులే, కాబట్టి ఏ స్ప్రే వాడినా మొదట డిస్కులకూ ప్యాడ్లకూ సంచులు కప్పండి. రంగు వేయాల్సిన చోట సిలికాన్ పడితే అక్కడ రంగు పట్టదు, అదీ గుర్తుంచుకోండి.

పాలీయురేథేన్ బుష్‌లకు వాటితో పాటు వచ్చే జిగట గ్రీజే సరైనది. అందులో సిలికాన్ లేదా టెఫ్లాన్ ఉంటుంది, నీళ్లకు కొట్టుకుపోదు. అది అయిపోతే టెఫ్లాన్ కలిసిన సింథటిక్ గ్రీజు ట్యూబు కొనండి. మామూలు గ్రీజుతో సరిపెడితే త్వరగా బయటికి వచ్చేసి కీచు మళ్లీ మొదలవుతుంది.

పట్టీల మధ్యకు మాత్రం తడి గ్రీజు కంటే ఆరిపోయే గ్రాఫైట్ లేదా మాలిబ్డినం పూత మేలు. ద్రవం ఆరాక పొడి పొర మిగులుతుంది, దానికి దుమ్ము అంటుకోదు. రెండు వెనక కట్టలకూ ఒక స్ప్రే డబ్బా సరిపోతుంది. ఉన్నికొవ్వుతో చేసే తుప్పు నిరోధక స్ప్రేలు కూడా శబ్దం ఆపుతాయి. మంచు మీద ఉప్పు చల్లే అమెరికా ఉత్తరాది రాష్ట్రాల్లో ఉండేవారికి తుప్పు నుంచి రక్షణ కూడా కలిసొస్తుంది. అయితే అవి జిగటగానే ఉంటాయి. ఎడారి రోడ్ల మీద తిరిగే బండికి గ్రాఫైటే వాడండి, బుష్‌ల దగ్గర మాత్రం రెండూ పడనీయకండి.

అన్నిటికంటే ముఖ్యమైన తేడా ఇక్కడుంది. కమాన్ కంట్లో, ఐ-బీమ్ పివట్‌లో ఉండే రబ్బరు బుష్‌లు జారడానికి చేసినవి కావు. లోపలి గొట్టానికీ బయటి గొట్టానికీ రబ్బరు అతికించి ఉంటుంది. కదలికంతా రబ్బరు మెలిపడటంలోనే జరుగుతుంది. అది కీచుమంటోందంటే అతుకు ఊడి, జారకూడని చోట జారుతోందని అర్థం. అక్కడ ఎంత గ్రీజు పెట్టినా మీరు శబ్దాన్ని దాస్తున్నారు తప్ప బాగుచేయడం లేదు. దాన్ని మార్చాల్సిందే.

రబ్బరు బుష్‌లా, పాలీయురేథేన్‌వా

దీని మీద వాదనలు ఎక్కువ. పని చేసే చోటును బట్టి చూస్తే సమాధానం తేలికే.

స్వే బార్‌కు పాలీయురేథేన్ బాగుంటుంది. గట్టిది కాబట్టి బండి ఒరిగిన వెంటనే బారు పని మొదలెడుతుంది, నూనె తగిలినా పాడవదు, ఏళ్లు నిలుస్తుంది. హెల్విగ్, రోడ్‌మాస్టర్ వంటి కంపెనీల లావు స్వే బార్లతో వచ్చేవీ ఇవే. దాని లోపం మీరు ఇప్పుడు పోగొట్టుకోవాలనుకుంటున్న కీచే. గ్రీజు అయిపోయిన రోజు నుంచి, అందులోనూ చలికాలం ఉదయాల్లో, అది రబ్బరు కంటే పెద్దగా అరుస్తుంది. అందుకే పాలీయురేథేన్ ఎంచుకుంటే బ్రాకెట్‌కు గ్రీజు నిపుల్ ఉన్నదే తీసుకోండి. లోపలి గోడ నున్నగా కాకుండా గళ్లుగా లేదా గాడులుగా ఉంటే గ్రీజు నిలుస్తుంది. ఏడాదికొకసారి, బండి నీళ్లలో దిగితే అప్పుడు కూడా, గన్‌తో అంచున గ్రీజు తొంగిచూసే వరకు మాత్రమే ఎక్కించండి. ఆ పని చేయనని మీకు ముందే తెలిస్తే కంపెనీ రబ్బరు బుష్ వేయించుకోండి. అది మెత్తగా ఉంటుంది, అరిగిపోతుంది, కానీ అరిగేలోపు మీతో పనిపెట్టుకోదు.

రేడియస్ ఆర్మ్‌కూ కమాన్ కళ్లకూ మాత్రం రబ్బరే మంచిది. అక్కడ పాలీయురేథేన్ వేస్తే ప్రతి గతుకూ క్యాబిన్‌లోకి తెలుస్తుంది, ఇంట్లో పింగాణీ గలగలలాడుతుంది. గ్రీజు పెట్టుకునే ఇత్తడి బుష్‌లు, నిపుల్ ఉన్న బోల్టులు ఎక్కువగా వెనక లాక్కెళ్లే ట్రైలర్ల కోసం. మీరు ట్రైలర్ కూడా లాగుతుంటే, దాని నైలాన్ బుష్‌లు అరిగాక అవి వేయడం తెలివైన పని. ఈ-450 వెనక కట్టకు అవసరం లేదు.

డీ బుష్ కొనేటప్పుడు కొలత తప్పితే మొత్తం పని వృథా. బారు మందాన్ని బుష్ కూర్చునే చోటే వెర్నియర్‌తో కొలవండి, తుప్పు గోకాక కొలవండి. ఒక మిల్లీమీటరు వదులుంటే కీచు పోయి టక్కు మొదలవుతుంది. బిగుతుంటే బారు తిరగక రబ్బరును చింపుతుంది. బారు మీది తుప్పును వైర్ బ్రష్‌తో గోకి, 220 నంబరు ఎమరీ కాగితంతో నున్నగా చేసి, గుడ్డతో తుడిచి, బుష్ లోపల ఒక టీస్పూను గ్రీజు సమంగా రాయండి. లోపల గుడ్డ లేదా టెఫ్లాన్ పొర అతికించి ఉన్న కంపెనీ బుష్‌లైతే గ్రీజు లేకుండానే వేయాలి. బుష్‌ల సెట్టు ఖరీదు తక్కువే. విప్పడం, బిగించడం ఓపికున్న మనిషికి ఒక మధ్యాహ్నం పని. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత ఎక్కువ శబ్దం తగ్గించే పని ఈ బండి కింద ఇంకోటి లేదు. బారుకు నీళ్ల పైపుల టెఫ్లాన్ టేపు చుట్టి పైన బుష్ వేసే కిటుకు ఒకటి ప్రచారంలో ఉంది. అది పనిచేస్తుంది, కొన్ని నెలలే. ప్రయాణం మధ్యలో ఆదుకుంటుంది, శాశ్వతం అనుకోవద్దు.

అతికించిన రబ్బరు బుష్ ఎక్కడ మార్చినా ఒక్క నియమం తప్పొద్దు. బోల్టును ఆఖరి బిగింపు బిగించేది బండి పూర్తి బరువు చక్రాల మీద ఉన్నప్పుడే. యాక్సిల్ వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు ఆ వేలాడే స్థితినే తన సహజ స్థితి అనుకుంటుంది. బండి దింపగానే మెలిపడి, ఎప్పుడూ మెలిపడే ఉంటుంది. కొత్త బుష్ కొన్ని వారాల్లోనే మళ్లీ మూలగడం మొదలెట్టి, తర్వాత చిరిగిపోతుంది. కొత్త బుష్ వేయించినా శబ్దం పోలేదని షాపు మీద విసుక్కునేవాళ్లు చాలామంది, దాన్ని ఎలా బిగించారో ముందు అడగాలి.

కమాన్ కట్టలకు నాలుగు దారులు

అన్నిటికంటే చవకైనది పై పూత. ఫ్రేమును వెనక కమాన్ ముందు బ్రాకెట్‌కు ముందుగా స్టాండ్ల మీద నిలబెట్టి, యాక్సిల్‌ను వేలాడనివ్వండి. బరువు పోగానే పట్టీల కొసలు కొద్దిగా విచ్చుకుంటాయి. లీవర్ రాడ్‌తో మరికాస్త తెరిచి, వైర్ బ్రష్‌తో తుప్పు గోకి, గాలి కొట్టి, గ్రాఫైట్ పూత లోపలికి పట్టించండి. బరువు మీదున్న కట్టకు బయటినుంచి ఎంత కొట్టినా అంచు దాటి లోపలికి పోదు. చాలామందికి స్ప్రే ఎందుకు పనిచేయదంటే కారణం ఇదే. జంట చక్రాల్లో బయటిదైనా విప్పితే చేయి ఆడుతుంది. ఈ బరువుకు తగిన స్టాండ్లు లేకపోతే ఈ పని ఇంట్లో పెట్టుకోవద్దు. క్యాంపులో బండిని సమంగా నిలబెట్టే జాకీలు కిందికి దూరి పనిచేయడానికి కావు.

రెండోది, కొసల్లో ప్లాస్టిక్. కొన్ని కట్టల్లో ప్రతి పట్టీ కొస దగ్గర కంపెనీయే ఒక చిన్న ప్లాస్టిక్ ముక్క పెడుతుంది. అది అరిగి రాలిపోయాకే ఇనుము ఇనుమును గీరుకుంటుంది. ముక్క కూర్చునే రంధ్రం ఖాళీగా కనిపిస్తే కొత్తవి దొరుకుతాయి, కట్ట విప్పకుండానే లీవర్‌తో తెరిచి పెట్టొచ్చు. నిశ్శబ్దం కోసం చేసే పనుల్లో స్ప్రే కంటే చాలా కాలం నిలిచేది ఇదే.

మూడోది, కట్ట మొత్తం విప్పి పట్టీల మధ్య పాలిథిలీన్ లైనర్ (ప్లాస్టిక్ పొర) పెట్టడం. ఇది కమాన్ షాపు పని. సెంటర్ బోల్టు (పట్టీలన్నిటినీ మధ్యలో కలిపి పట్టే బోల్టు) విప్పే ముందు దాని రెండు పక్కలా గట్టి క్లాంపులు వేయాలి. లేకపోతే ఒత్తిడిలో ఉన్న పట్టీలు ఎగిరిపడి చేతులు విరుగుతాయి. లైనర్ పట్టీ వెడల్పుకు సరిపోవాలి. యాక్సిల్ కూర్చునే మధ్యభాగంలో లైనర్ పెట్టకూడదు. అక్కడ ప్లాస్టిక్ నలిగి పలచబడితే యూ బోల్టుల (కట్టను యాక్సిల్‌కు బిగించే యూ ఆకారపు బోల్టులు) బిగువు పోతుంది, సెంటర్ బోల్టు తెగుతుంది, యాక్సిల్ పక్కకు జరుగుతుంది. సెంటర్ బోల్టూ యూ బోల్టులూ కొత్తవే వేయాలి. ఒకసారి సాగిన యూ బోల్టును మళ్లీ వాడటం నాలుగు డబ్బుల కోసం బండిని పందెం పెట్టడమే.

నాలుగోది కొత్త కట్ట. పట్టీకి పగులు ఉంటే, కట్ట వంపు పోయి నిటారుగా లేదా వెనక్కి వంగి ఉంటే, ఒక పక్క రెండో పక్క కంటే స్పష్టంగా దిగి ఉంటే మిగతా మూడూ దండగ. మార్చితే రెండు వైపులా కలిపే మార్చండి. అయితే కొనే ముందు బండిని లారీల కాటా మీదికి తీసుకెళ్లి, నీళ్లూ సామానూ మనుషులతో సహా ముందు, వెనక యాక్సిళ్లు విడివిడిగా తూయించండి. ఆ అంకెలను డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్‌తో పోల్చండి. పరిమితి దాటి ఉంటే కమాన్ అరవడం జబ్బు కాదు, లక్షణం.

ఇక్కడే గాలి బస్తాల, అంటే వెనక స్ప్రింగులకు తోడుగా అమర్చే ఎయిర్ బ్యాగుల, ప్రస్తావన వస్తుంది. ఫైర్‌స్టోన్, ఎయిర్ లిఫ్ట్ వంటివి వెనక దిగిన బండిని లేపుతాయి, పట్టీల మీద బరువు తగ్గించి కొంత శబ్దం కూడా తగ్గిస్తాయి. కానీ అవి బరువు పరిమితిని పెంచవు, అరిగిన బుష్‌ను బాగుచేయవు. గాలి పూర్తిగా తీసేసి నడపకూడదు, ఖాళీగా ఉన్నా కనీసం 5 పీఎస్ఐ ఉంచాలి. లేకపోతే బస్తా మడతపడి, రాసుకుని చిరుగుతుంది. కీచు కోసమే అయితే వీటిని కొనొద్దు. బండి దిగి ఉంటే కొనండి.

పట్టీల మధ్య రాపిడి కొంతవరకు ఊపును అణచడానికి పనికొస్తుందన్న సంగతి కూడా తెలిసి ఉండాలి. లైనర్లు వేసి నున్నగా చేశాక షాక్ అబ్జార్బర్లు పాతవైతే బండి ముందుకంటే ఎక్కువగా ఊగుతుంది. లైనర్ల పనికి డబ్బు పెట్టేటప్పుడే షాక్‌ల సంగతి కూడా తేల్చుకోండి. షాక్ బయట నూనె కారి ఉంటే చర్చ లేదు, మార్చడమే.

ముందు భాగంలో ఎంచుకోవడానికి ఏమీ లేదు

బాల్ జాయింటు మూలుగు విన్నాక దూర ప్రయాణం పెట్టుకోవద్దు. కంపెనీ నుంచి వచ్చేవి సీలు వేసినవి, చాలావాటికి నిపుల్ ఉండదు. సూది గుచ్చి గ్రీజు ఎక్కించే కిటుకులు రబ్బరు తొడుగును చింపి నీళ్లకు దారి ఇస్తాయి. ఐ-బీమ్ కింద జాకీ పెట్టి, టైరును ఒక అంగుళం లేపి, కింద లీవర్ రాడ్ పెట్టి ఎత్తి చూడండి. ఇంకొకరు జాయింటు దగ్గర చూస్తుండాలి. కంటికి కనిపించే ఆట ఉంటే మార్చాలి. జాయింటు ఊడితే చక్రం ఒరిగి పడిపోతుంది కాబట్టి ఇక్కడ చవక రకం, మంచి రకం అన్న బేరం పెట్టకండి. మంచిదే వేయండి, నిపుల్ ఉన్నది దొరికితే ఇంకా మంచిది. ఐ-బీమ్ పివట్ బుష్‌లకు ప్రెస్ కావాలి, అది షాపు పని. ఈ రెండింటిలో ఏది మార్చినా తర్వాత అలైన్‌మెంట్ చూపించాలి. కాయిల్ స్ప్రింగ్ కింద ఉండే రబ్బరు పీఠం చితికి కూడా కొన్నిసార్లు కీచుమంటుంది. స్ప్రింగు ఎలాగూ దింపుతున్నారంటే దాన్నీ మార్చేయండి.

ఎవరి దగ్గర చేయించాలి

స్వే బార్ బుష్‌లు, లింకులు, షాక్‌లు, పట్టీల కొసల ప్లాస్టిక్ వరకు పనిముట్లున్నవారు ఇంట్లోనే చేసుకోవచ్చు. అక్కడినుంచి పైకి, మోటార్‌హోమ్ డీలరు కంటే లారీల స్ప్రింగ్ షాపు నయం. డీలరు దగ్గర ఇంటి పనులు వచ్చినవాళ్లు ఎక్కువ, కమాన్ చేయి తిరిగినవాళ్లు తక్కువ. స్ప్రింగ్ షాపువాడు అదే పని రోజూ చేస్తాడు, యూ బోల్టును కొలతకు అక్కడికక్కడే వంచి ఇస్తాడు. అయితే వెళ్లే ముందు బండి ఎత్తు, పొడవు చెప్పి లోపల పడుతుందో లేదో కనుక్కోండి. మన ఊళ్లలోనైతే విజయవాడ ఆటోనగర్‌లాంటి చోట కమాన్ పనివాళ్లకు లోటు లేదు. అక్కడ మీరు అడగాల్సిందల్లా రెండు మాటలు: పాత యూ బోల్టులు మళ్లీ వేయొద్దని, బుష్ బోల్టులు బండి దింపాకే బిగించమని.

రేపే బయల్దేరాలంటే సబ్బునీళ్లతో చోటు పట్టుకుని, స్వే బార్ అయితే సిలికాన్ గ్రీజు పెట్టి వెళ్లండి. ముందు చక్రాల దగ్గర టక్కుమంటే మాత్రం ప్రయాణం వాయిదా వేయండి. బండిని ఏడాదిలో అమ్మేసేవారికి రబ్బరు బుష్‌లు, కొసల ప్లాస్టిక్ చాలు. పదేళ్లు ఉంచుకునేవారు నిపుల్ ఉన్న పాలీయురేథేన్ స్వే బార్ సెట్టు, లైనర్లతో కట్ట పని, కొత్త షాక్‌లు ఒకేసారి చేయిస్తే కూలి కలిసొస్తుంది, ఎందుకంటే విప్పేవన్నీ ఒకే చోట ఉన్నాయి.

యూ బోల్టులు విప్పిన పని ఏదైనా, 500 మైళ్లు తిరిగాక బండి బరువు మీద ఉండగానే, మూలకు ఎదురు మూల వరుసలో టార్క్ రెంచ్‌తో మళ్లీ బిగించాలి. కొత్త పట్టీల మీది రంగు నలిగి, పూత సర్దుకుని, మొదటి బిగువు కొంత తగ్గిపోతుంది. చక్రాలు విప్పితే వాటి నట్లను ఇంకా ముందే, మొదటి 100 మైళ్లలోపే, మాన్యువల్‌లోని అంకెకు సరిచూడండి.